ఇరవై రెండు గీతలు

హలో… ఆఁ, సైదయ్యనే. గడియారాల షాపే… బావా! నువ్వేనా?

మీ వీధి ఫోన్ బూతాయన చెప్పిండా నీకు? …సరే, ఇను. పొద్దుగాల పది గంటల పది నిమిషాలకు చక్రం ఖరాబైంది.

…సువార్తమ్మ టీచరమ్మది, గోడగడియారంది. డెబ్బై రెండు పండ్ల ఇత్తడి చక్రం. తొమ్మిదిన్నరకు నువ్వు చేసిచ్చిన పండ్లు కోసే మిషన్ మీదికి ఎక్కించిన. ఎనిమిది పండ్లు కోసి ఆపిన.

…ఎందుకంటే పండ్ల నడుమ సందు వెడల్పు వస్తున్నది, పన్ను సన్నం వస్తున్నది. ఎనిమిదో పన్నును గోటితోని నూకితే వంగింది.

…లే, కట్టర్ మంచిగనే ఉన్నది. కంటికి అద్దం పెట్టుకొని సూసిన.

…జైరాం బావా, ఒక మాట చెప్త. కోపానికి రావద్దు.

…వస్తే వచ్చినవ్ గని ఇను. వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టిన. నీ స్పిండిల్ కొట్టుకుంటున్నది.

…కొట్టుకుంటున్నది అన్న.

…నేను అంటలేను. గేజ్ ముల్లు అంటున్నది.

…ఎవరది ఎనక నవ్వుతున్నది? బూతాయనా? స్పిండిల్ అంటే ఏందని అడుగుతుండా? చెప్పు మరి. కట్టర్‌ను పట్టుకొని తిరిగే ఇరుసు. ఇరుసు వంకరుంటే బండి వంకర పోదా? గంతే. మీ కోదాడల బండ్లు లేవా ఏంది.

…ఎంతనా? నిలబడ్డవా, కూసున్నవా?

…బూతుల స్టూల్ ఉంటది గదా, కూసో.

…కూసున్నవా? స్పిండిల్ మూతిల కట్టర్‌ను బిగించి పట్టే కాలెట్‌ల, నువ్విచ్చిన కడ్డీనే పెట్టి బిగించిన. అదే, సాన పట్టింది, నూనెగుడ్డల చుట్టి ఇచ్చినవే. స్పిండిల్ మూతికాడ ఎనిమిది గీతలు. నాలుగు వేళ్ళు కిందికి దించి సూస్తే… ఇరవై రెండు.

…ఇరవై రెండు, బావా. రెండు పక్కన రెండు.

…బావా?

…లే, తప్పు సూడలే. రెండుసార్లు తిప్పి సూసిన.

…బూతాయనకు గీతంటే చెప్పు, లేకుంటే మళ్ళ నవ్వుతడు. మిల్లీమీటరును నూరు పాళ్ళు చేస్తే ఒక పాలు. ఆయనకది ఎంట్రుక మందం గూడ కాదు. నాకు మాత్రం చక్రం పోయింది.

…నీ మాట నాకు యాదికున్నది. మిషన్ ఇచ్చిననాడు ఏమన్నవ్? ‘మూడు గీతలు దాటితే పాత ఇనుము కొట్టుకు తూకానికి వేసెయ్, నన్ను అడగకు’ అన్నవ్. మీ చెల్లె సాక్షి.

…వద్దు, ఆ మాట ఇప్పుడు ఎందుకు. కుట్టుమిషనంత మిషన్‌కు మూడేండ్లు కూసున్నవ్. ఫ్యాక్టరీల డ్యూటీ దిగి వచ్చి, తిండికి లేవక, మీ ఆమె రుక్మాబాయి తిట్టంగ కూసున్నవ్. నాకెర్క లేదా? దాన్ని తూకానికి వేస్తనా?

…ఏ బస్సు? ఒంటిగంట బస్సా? నువ్వు ఈడికి వచ్చేసరికి రెండున్నర. ఇప్పి, సూసి, తిట్టి, మళ్ళ బిగించేసరికి అయిదు. నాకు నాలుగ్గంటల దాకనే ఉన్నది టైం.

…అయ్యో, చెప్పలేదా? టీచరమ్మ ఇయ్యాల గరిడేపల్లి పోతున్నది. వాళ్ళ అక్కకాడనే ఉంటదట ఇగ. సామాన్లు పొద్దుగాలనే పోయినయి. గడియారం ఒక్కటి ఉన్నది. నాలుగ్గంటలకు వచ్చి తీస్కపోతది, నాలుగున్నర బస్సు.

…నడవకపోయినా ఇయ్యమన్నది. ‘నడవకున్నా మా ఆయన గడియారమే గదా సైదయ్యా, బట్టల నడుమ పెట్టుకుంట’ అన్నది. నేనే నోరు జారిన. నడిపిచ్చే ఇస్తనమ్మా అన్న.

…ఒక్కటి. ఇత్తడి బిళ్ళ ఇంకొక్కటే ఉన్నది. ఇది పోతే హైద్రాబాద్ పోయి తేవాలె. అందుకే నీకు ఫోన్ చేయించిన. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యాలె?

…ఆ. ఫోన్ ఈడనే ఉన్నది, మిషన్ పక్కన. చెవికి భుజానికి నడుమ పెట్టుకున్న. రెండు చేతులు ఖాళీ. చెప్పు.

…మోటర్ వైర్ పీకేసిన. చేత్తోనే తిప్పుతున్న, నిమ్మళంగ.

…గేజ్‌ను పట్టే మాగ్నెట్ స్టాండ్ గట్టిగనే ఉన్నది. వేలితోని నూకి సూసిన. ముల్లు పోయి మళ్ళ అదే జాగకు వచ్చింది.

…గేజ్ ఖరాబు? బావా, గేజ్ నీది. ఇయ్యంగ ఏమన్నవ్, ‘ఇది నా కన్ను, పైలం’ అన్నవ్. ఇప్పుడు నీ కన్ను ఖరాబంటవా?

…సరే. కడ్డీ వంకరున్నదేమో సూడాలె. సమజైంది. సుద్దతోని గీత కొడత, ఆగు. ఓ బాలనర్సా! సుద్దముక్క ఏడ పెట్టినవ్? …ఆ, ఇటు తే. …సుద్ద ఇచ్చుకుంట నీ చెల్లె అడుగుతున్నది, అన్న అన్నం తిన్నడా అని. …తినలేదట. ఏడ తింటడు, ఇరవై రెండు గీతలు మింగి కూసున్నడు.

…ఆ. స్పిండిల్ మీద సుద్ద గీత కొట్టిన. ముల్లు ఎక్కువ లేసేది ఆ గీత దిక్కు. ఇప్పుడు కాలెట్ వదులు చేసి, కడ్డీని సగం తిప్పి, మళ్ళ బిగిస్తున్న. ఆగు.

తిప్పుతున్న… లేస్తున్నది… అదే. సుద్ద గీత దిక్కే. ఇరవై రెండు.

…అవును, కడ్డీ తిరిగినా ఎత్తు తిరగలే. అంటే కడ్డీ తప్పు లేదు. రాసుకుంటున్న. పదకొండు గంటల ఎనిమిది నిమిషాలు, కడ్డీ సాఫ్.

…రాయాలె బావా. రైస్ మిల్లుల ఎనిమిదేండ్లు ఇంజన్ పుస్తకం రాసిన. చెయ్యి ఊకోదు.

…ఇగ కాలెట్. తీసిన. ఇది గూడ సగం తిప్పి పెట్టాల్నా? …పెడుతున్న.

ఛీ, చీమలు.

…ఏం లే, మిషన్ తలకాయ మీద చీమలు. ఊదేస్తున్న. దసరా వెళ్ళి రెండు రోజులే గదా, ఇంటినిండ తీపే.

…ఆ, బిగిచ్చిన. తిప్పుతున్న.

సుద్ద గీత దిక్కే, బావా. ఇరవై ఒకటి… ఇరవై రెండు.

…అవును. కడ్డీ కాదు, కాలెట్ కాదు.

…నేను ఆ మాట అంటలేను.

…బావా, జర ఊకో. ‘నా చేతులు పోయినయి’ ఏంది? నిన్నగాక మొన్న ఆ చేతులతోనే మా ఇంట్ల పదకొండు గారెలు తిన్నవ్. మీ చెల్లె లెక్కపెట్టింది.

…పన్నెండా? పన్నెండట, బాలనర్సా. …తను పదకొండే అంటున్నది. గేజ్ పెడితే తేలుతది.

…నవ్వినవ్. సరే. ఇగ తెలివి పెట్టి చెప్పు. తర్వాత?

…కాలెట్ తీసేసి, గేజ్‌ను స్పిండిల్ మూతికి బయట దిక్కు పెట్టాలె. ఎందుకు? …ఆ, ఇరుసే వంకరుంటే బయట గూడ ఊగుతది. సమజైంది.

పెట్టిన. ముల్లును సున్న మీదికి తెచ్చిన. తిప్పుతున్న. …పావు సుట్టు… సగం… సుద్ద గీత వచ్చింది… ముప్పావు…

బావా.

…ఆగు, మళ్ళ తిప్పుత. నమ్మబుద్ధి అయితలేదు.

…ఒక్క గీత.

…ఒక్కటి! ఇరవై రెండు కాదు. ఒక్కటి. బయట నీ స్పిండిల్ బంగారం.

…ఎందుకు అరుస్తవ్, చెవి పోతున్నది. బూతాయన పరేషాన్ అయితడు.

…సరే, మీదికి కిందికి నూకుతున్న. …కదులుతలేదు. అర గీత. బేరింగులు గట్టి.

…మూడుసార్లు. మూడుసార్లు తిప్పిన, ఒక్కటే.

…అవును గదా? నేనదే అనుకుంటున్న. బయట సక్కగ తిరుగుతున్నది, కాలెట్ పెడితే వంకర పోతున్నది. అంటే తప్పు లోపల. కాలెట్ కూసునే జాగల.

…గేజ్ మొనను లోపలికి పెడుతున్న. సన్నది ఉన్నది, పడతది. గోడకు ఆనింది. తిప్పుతున్న.

ఒకటి… ఒకటి… ఒకటి… ఓర్నీ!

…ముల్లు ఎగిరింది! ఏడు గీతలు. మళ్ళ పడ్డది. మళ్ళ ఒకటి.

…సుద్ద గీత కాడనే. సరిగ్గ ఆడనే. గోడ మీద ఏదో గడ్డ ఉన్నది.

…ఇనుము పొడి? ఏమో. టార్చి కావాలె. బాలనర్సా, టార్చి! …సెల్లు తక్కువున్నదట. కానీ, పడుతున్నది.

…నల్లగున్నది. లేదు, ఎర్రనలుపు. గోటంత జాగల అప్పడం లెక్క అతుక్కున్నది. గట్టిగున్నది. దాని సుట్టు…

ఓరి దేవుడా.

…చీమలు, బావా. లోపలికెల్లి వస్తున్నయి చీమలు.

…పుల్లతోని గీకుతున్న. జర వచ్చింది. వాసన సూస్తున్న. …ఆగు.

…నాలిక మీద పెట్టుకున్న.

…ఎందుకేంది, నిజం తెల్వాలె గదా!

బెల్లం.

…బెల్లం అంటున్న. స్పిండిల్ లోపల బెల్లం.

…నాకేం తెలుసు ఎట్లొచ్చిందో! ఏమే బాలనర్సా, మిషన్ నోట్లె బెల్లం పెట్టినవా? …ఒట్టేస్తున్నది. తను బయటనే బొట్లు పెట్టిందట. మోటర్‌కు ఒకటి, బల్లకు ఒకటి, తలకాయకు మూడు. లోపల వేలు పెట్టలేదట.

…నేనా? నేను కొబ్బరికాయ కొట్టిన. మరి ఎవరు పెట్టిన్రు?

…ఏంది? గట్టిగ చెప్పు, బాలనర్సా. …ఏంది?

…

బావా.

…మీ చెల్లె ఏమంటున్నదో చెప్పాల్నా? ‘అన్ననే పెట్టిండు’ అంటున్నది. దసరానాడు. పూజకాడ.

…నేను అంటలేను, మీ చెల్లె అంటున్నది.



…యాదికొచ్చిందా? నాకిప్పుడు వచ్చింది, మంచిగ వచ్చింది! నేను హారతి పట్టుకొని ఉన్న. నువ్వు పళ్ళెంల కెల్లి బెల్లం ముక్క తీసి, ‘అందరికి బొట్టు పెట్టి ఊకుంటరా, నోరు తెరిచి కూసున్నదానికి తీపి పెట్టరా’ అన్నవ్. నేను నవ్విన. నువ్వు నవ్వుకుంట వేలు లోపల పెట్టి రాసినవ్!

…చిన్న ముక్కనా? ఇరవై రెండు గీతల ముక్క!

…మూడేండ్లు కూసొని ఇరుసును ఒక్క గీతకు తెచ్చినవ్. పండుగ పూట ఒక్క వేలితోని ఇరవై రెండు చేసినవ్. శబాష్.

…బూతాయనకు చెప్పకు. …చెప్పినవా? …ఆహా, ఇంటున్నది నాకు. ఎంతమంది ఉన్నరు ఆడ? …లైన్ల నిలబడ్డోళ్ళందరు నవ్వుతున్నరా? నవ్వనియ్. పండుగ గదా.

…నా తప్పా? నా తప్పేంది?

…తుడవకుండ ఎట్ల ఎక్కిచ్చినవ్ అంటే… పూజ చేసినదాన్ని తుడుస్తరా, బావా? నిన్న అసలు ముట్టనే లేదు, పనిముట్లకు ఒకరోజు సెలవియ్యాలె గదా. ఇయ్యాల దండం పెట్టుకొని కాలెట్ ఎక్కిచ్చి బిగిచ్చిన. బెల్లం నడుమల పడి సపాటైంది. కాలెట్ ఒక పక్కకు ఒరిగింది.

…సరే. సగం నీది, సగం నాది. రాసుకుంటున్న. పదకొండు నలభై, బెల్లం.

…కడుగుత, కడుగుత. గాసునూనె? కిరోసినే గదా, ఉన్నది సీసాల. గుడ్డ ముంచిన, పుల్లకు చుట్టిన. రుద్దుతున్న.

…పోతలేదు.

…ఇంకా రుద్దుతున్న. నూనె నల్లగైతున్నది గని గడ్డ గడ్డలెక్కనే ఉన్నది.

…ఏంది, బాలనర్సా? …బావా, నీ చెల్లె మనిద్దరిని తిడుతున్నది. ‘బెల్లం గాసునూనెల కరుగుతదా? పాకం ఎన్నడన్నా గాసునూనెతోని పట్టిన్రా? ఉడుకునీళ్ళు కావాలె’ అంటున్నది.

…నిజమే గదా? మనిద్దరికి కలిపి నలభై ఏండ్ల సర్వీసు.

…నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. చాయ్ గిన్నెలనే. …తుప్పు పట్టదు, ఎంబడే తుడిచి నూనె రాస్త.

…ఈలోపల? ఈలోపల రుక్మాబాయికి చెప్పు ఇట్ల జరిగిందని. …వద్దా? ఎందుకు వద్దు? మూడేండ్లు ఆమె తిట్టిన తిట్లకు ఇదొక్కటే తక్కువున్నది.

…వచ్చినయి నీళ్ళు. గుడ్డ ముంచిన, పిండిన. పెడుతున్న. …కాలుతున్నది. …కదిలింది. బావా, కదిలింది! మొత్తం వస్తున్నది. గుడ్డ ఎర్రగైంది.

…మళ్ళొకసారి. …ఇగ ఏం లేదు. పొడి గుడ్డ. …నూనె చుక్క. …దాన్ని గూడ తుడవాల్నా? సరే, పొర మాత్రమే ఉంచుత. కాలెట్ గూడ కడిగిన. దాని ఒంటి మీద గూడ ఉన్నది బెల్లం మరక.

…చీమలు? తల్లీ పిల్లా అన్ని పోతున్నయి, వరుసకట్టి. టీచరమ్మ లెక్క గరిడేపల్లి పోతున్నయేమో.

…ఆ. కాలెట్ ఎక్కిచ్చిన. కడ్డీ పెట్టిన. బిగిచ్చిన. గేజ్ మూతికాడ. సున్న.

తిప్పుతున్న. మాట్లాడకు.

…అర గీత.

…అర! కిందికి దించుతున్న, నాలుగు వేళ్ళు. ఊపిరి పట్టుకున్నవా? నేను గూడ. తిప్పుతున్న… సుద్ద గీత వస్తున్నది… దాటింది…

ఒకటి. ఒకటిన్నరకు పోలే.

…అవును. ఒకటి. పన్నెండు గంటల అయిదు నిమిషాలు.

…ఏడుస్తున్నవా? …జలుబా? సరే, జలుబే.

…లేదు, పాత ఇనుము కొట్టుకు వెయ్య. మూడు గీతలు దాటలే గదా. నీ మాటకు నేను కట్టుబడి ఉన్న.

…ఇగ బిళ్ళ ఎక్కిస్త. ఒక్కటే ఉన్నది. నువ్వు ఉండు లైన్ల. …ఉంటవా? ఎనకోళ్ళు ఊకుంటరా? …వాళ్ళే ఉండమంటున్నరా? మంచోళ్ళు కోదాడోళ్ళు.

…బిగిచ్చిన. వైర్ పెట్టిన. మొదటి సందు కోస్తున్న. ఫోన్ బల్ల మీద పెడత, నీ మిషన్ చప్పుడు ఇను.

…

హలో. ఇన్నవా? …ఏమంటున్నది చప్పుడు? …నాకు గూడ అట్లనే ఇనబడ్డది, గరగర లేదు.

రెండు సందులు కోసిన. నడుమల ఒక పన్ను వచ్చింది. పాత చక్రం పన్నుతోని కొలిచిన. సమానం. గోటితోని నూకిన.

…వంగలే. టైం పన్నెండు ఇరవై.

…ఇగ డెబ్బై ఒకటి ఉన్నయి. పెట్టేస్తున్న. పోయి అన్నం తిను. …ఆఁ, పెట్టేస్తున్న.

*

హలో… బావా, నేనే. మీ వీధి బూతుకే చేసిన, నువ్వు ఆడనే ఉంటవని ఎర్క. …పోనే లేదా ఇంటికి? అన్నం? …బూతాయన తెప్పిచ్చిండా? సరే.

ఇను. చక్రం రెండు గంటల పది నిమిషాలకు అయింది. డెబ్బై రెండు పండ్లు. మూడు ఇరవైకి గడియారంల కూసున్నది. మూడున్నరకు గోడకు తగిలిచ్చి లోలకం కదిలిచ్చిన.

…నడిచింది.

…టీచరమ్మ మూడు యాభై అయిదుకు వచ్చింది. స్టూల్ వేసిన, కూసోలే. గడియారం ముంగట నిలబడ్డది.

…కొట్టింది. నాలుగు. టీచరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నది.

…కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. తర్వాత, ‘పండ్లు ఎవరు కోసిన్రు’ అని అడిగింది. కోదాడ జైరాం మిషన్ కోసిందని చెప్పిన.

…బెల్లం సంగతి? చెప్పిన. దాచుతనా? టీచరమ్మ ఒకటే నవ్వుడు. మీ చెల్లె ఆమెకు బెల్లం ముక్క ఒకటి కాగితంల కట్టి ఇచ్చింది, తొవ్వల తినమని.

…లోలకం వేరే తీసి గుడ్డల చుట్టిన. ఆడ ఎట్ల తగిలియ్యాల్నో కాగితం మీద రాసిచ్చిన. గడియారం బట్టల నడుమ పెట్టలే, ఒళ్ళనే పెట్టుకున్నది. బస్టాండ్ దాక నేనే రిక్షాల తీస్కపోయిన. కిటికీ పక్క సీటు దొరికింది.

…అవును, బస్సు కదిలింది. నాలుగు గంటల ముప్పై రెండు నిమిషాలకు.